పేరు కోసిగిలో, పిల్ల మిరప చేలో

ఫిబ్రవరి వచ్చిందంటే మా బడిలో పడమటి కిటికీలు మూసి పాఠం చెప్పాలి. కల్లాల్లో ఆరబోసిన మిరపకాయల మీదుగా గాలి తిరిగితే క్లాసు క్లాసంతా దగ్గుతుంది. నేనుండేది గుంటూరు కొరిటెపాడులో. రోజూ బస్సెక్కి ప్రత్తిపాడు వైపు వెళ్ళి ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కలు చెబుతాను. ఇరవై రెండేళ్ళ సర్వీసు. అందులో చివరి పదేళ్ళు లెక్కలు చెప్పడం కంటే లెక్కలు ఎక్కించడమే ఎక్కువైందని మావారు ఎగతాళి చేస్తుంటారు.

పోయిన సీజన్లో ఒకరోజు మధ్యాహ్న భోజనాల వేళ గేటు దగ్గర ఒక పిల్ల నిలబడి ఉంది. పన్నెండేళ్ళుంటాయి. చంకలో తమ్ముడు. వాడు ఏడుస్తుంటే కళ్ళు మోచేత్తో తుడుస్తోంది. వేళ్ళు తగలనివ్వట్లేదు. మిరపకాయలు కోసిన చేతులు కదా.

"ఏ ఊరమ్మా మీది?"

"కోసిగి కాడ మేడం. సుగ్గికొచ్చినాం."

కర్నూలు జిల్లా పడమటి మండలాల వాళ్ళు వలసని సుగ్గి అంటారు. కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు, మంత్రాలయం వైపు నుంచి ఇళ్ళకి తాళాలేసి, తట్టాబుట్టా సర్దుకుని గుంటూరు, పల్నాడు జిల్లాలకి మిరప కోతలకి వస్తారు. కోతలు ముగిసేదాకా చేల గట్ల మీద పట్టాలు కప్పిన గుడిసెల్లో ఉంటారు. పిల్లలూ వెంటే వస్తారు. కాస్త పెద్దవాళ్ళు కోతకి, మిగిలినవాళ్ళు తమకంటే చిన్నవాళ్ళని ఎత్తుకోవడానికి.

ఏడో తరగతట. "మరి ఇక్కడున్నన్నాళ్ళు ఈ బళ్ళో కూర్చోరాదూ?" అన్నాను.

ఇంత మాత్రం తెలియదా అన్నట్టు చూసింది నన్ను. "మా ఊరి బళ్ళో పేరుంది గదా మేడం."

ఆ ఒక్క మాట పట్టుకునే ఇదంతా రాస్తున్నాను.

పేరు నిజంగానే ఉంది. ఊరి బళ్ళోనే కాదు, ఢిల్లీ దాకా ఉంది. యూడైస్ అని దేశంలో బడులన్నిటి లెక్క తీసే కేంద్రం పద్ధతి ఒకటుంది, మా టీచర్లకి దాంతోనే తెల్లవారుతుంది. ప్రాథమిక బడుల లెక్క, హైస్కూళ్ళ లెక్క విడివిడిగా తీసే పద్ధతిని కలిపి 2012-13లో మొదలుపెట్టారు. అప్పట్లో బడికో పదకొండంకెల కోడు ఉండేది, ఆరో తరగతిలో మగపిల్లలు ఇంతమంది, ఆడపిల్లలు ఇంతమంది అని మొత్తాలు పంపేవాళ్ళం. 2022-23 నుంచి మొత్తాలు పోయి పేర్లు వచ్చాయి. ప్రతి పిల్లకీ, ప్రతి పిల్లాడికీ ఒక శాశ్వత నంబరు. బడి మారితే పాత బడివాళ్ళు ఆ పేరుని డ్రాప్ బాక్సులో వెయ్యాలి, కొత్త బడివాళ్ళు నంబరు, పుట్టిన తేదీ కొట్టి తీసుకోవాలి. దాని మీద ఇప్పుడు అపార్ అని పన్నెండంకెల మరో గుర్తింపు. బడి నుంచి కాలేజీ దాకా మార్కులు, సర్టిఫికెట్లు, క్రెడిట్లు అన్నీ ఒకే ఖాతాలో ఉంటాయట. ఆలోచనగా చూస్తే నాకు అభ్యంతరం లేదు. టీసీ పోగొట్టుకుని ఏడ్చిన పిల్లల్ని చాలామందిని చూశాను.

ఆ సాయంత్రం టీచర్ల గ్రూపులో వాకబు చేసి ఆ పిల్ల చదివే బడి హెడ్మాస్టరు గారి నంబరు పట్టుకున్నాను. మర్యాదస్తుడు. "మేడం, పేరు డ్రాప్ బాక్సులో వేస్తే ఏప్రిల్లో మళ్ళీ తెచ్చుకోవడానికి మీ చుట్టూ తిరగాలి. ఈలోగా మా బళ్ళో డ్రాపవుట్ అని పైనుంచి ఫోన్లు. స్ట్రెంత్ తగ్గితే పోస్టు పోతుంది. మీకు తెలియనిదేముంది" అన్నాడు. తెలుసు. ఆయన పేరు వదలడు. ఆయన వదలనిదే మా లాగిన్‌లో ఎక్కదు. కాబట్టి ఆ పిల్ల కోసిగి లెక్కలో బడిలో ఉన్నట్టు, గుంటూరు లెక్కలో లేనే లేనట్టు.

మా హెడ్మాస్టరు గారు మంచివారు కాబట్టి రికార్డుతో పని లేకుండా రమ్మన్నాం. నాలుగు రోజులు వచ్చింది, తమ్ముడితో సహా. మరి గుడ్డు సంగతి? యాప్‌లో వేసిన హాజరుని బట్టి భోజనాల లెక్క, దాన్ని బట్టే గుడ్లు. ఆ పిల్ల పేరు మా యాప్‌లో లేదు. వంట చేసే ఆవిడ ఆ నాలుగు రోజులూ ఎవరో ఒకళ్ళు తినని గుడ్డు తీసి ఆ పిల్లకి పెట్టింది. అయిదో రోజు గుడిసెలు లేచిపోయాయి, ఇంకో చేనుకి.

ఇందులో ఎవరి తప్పూ లేదని తేల్చేసే ఉద్దేశం నాకు లేదు. సుగ్గి కొత్తగా పుట్టింది కాదు. ప్రతి ఏడూ అవే మండలాలు, అవే నెలలు, అదే దారి. పెద్దవాళ్ళు వలస వెళ్ళినా పిల్లలు ఊళ్ళోనే ఉండి చదువుకోవడానికి సమగ్ర శిక్ష కింద సీజనల్ హాస్టళ్ళు నడుపుతారు. మంచి పని. కానీ ఏ ఊళ్ళో ఎంతమంది పిల్లలకి చోటు కావాలో చెప్పాల్సింది ఈ లెక్కే. పేరు బడిలోనే ఉన్నప్పుడు, "మా దగ్గర బడి బయట పిల్లలు సున్నా" అని పైకి వెళ్ళినప్పుడు, ఆ హాస్టల్ ఎవరికి పెడతారు? పిల్ల నంబరు ఉంది, పుట్టిన తేదీ ఉంది, ఆధార్ ఉంది, అమ్మ బ్యాంకు ఖాతా ఉంది. మూణ్ణెల్లుగా మనిషి ఎక్కడుందన్న గడి మాత్రం లేదు.

కోసిగి సారుని అంటున్నాను గానీ మేమూ అంతే. ఒక సంవత్సరం మా బళ్ళో ముగ్గురు పిల్లలు రాకపోయినా పేర్లు తీయలేదు. తీస్తే సెక్షన్ పోయేది, సెక్షన్ పోతే హిందీ టీచరు పోస్టులు సర్దే రేషనలైజేషన్‌లో వెళ్ళిపోయేది. ఆవిడకి ఇంట్లో పక్షవాతంతో ఉన్న అత్తగారు. మేం ముగ్గురి పేర్లు ఉంచాం. ఇది గర్వంగా చెప్పడం లేదు. పిల్లల సంఖ్యకీ టీచరు పోస్టుకీ ముడి ఉన్నంతకాలం ఏ సాఫ్ట్‌వేరు తెచ్చినా పేర్లు ఇలాగే నిలబడతాయి. అలాంటి బడులు దేశంలో ఎన్ని ఉంటాయో ఊహించుకోండి. ప్రైవేటులో ఇంకో రకం. పేరు ఒక బళ్ళో, పిల్లాడు ఫౌండేషన్ కోర్సు పేరుతో ఇంకో క్యాంపస్‌లో. వాడు ఎక్కడ చదివాడో టీసీ చూస్తే తెలియదు, వాణ్ణే అడగాలి.

2021-22లో దేశంలో బడి పిల్లలు 26.5 కోట్లన్నారు. పేర్లవారీగా తీసిన తర్వాత, 2023-24కి 24.8 కోట్లన్నారు. రెండిటి మధ్య తేడా కోటిన్నరకి పైనే. లెక్క తీసే పద్ధతి మారింది కాబట్టి రెండూ పోల్చకూడదని కేంద్రం చెప్పింది. నిజమే కావచ్చు, రెండు చోట్ల ఉన్న పేర్లు ఒకచోటికి వచ్చి ఉండొచ్చు. కానీ అందులో దొంగ పేర్లు ఎన్ని, నిజంగా బడి మానేసిన పిల్లలు ఎంతమంది? పేర్లతో సహా తీసిన లెక్క ఈ ముక్క చెప్పగలగాలి. కూడికలు, తీసివేతలు నేర్పే మనిషిని, నాకు ఈ తీసివేతలో మిగిలిన సంఖ్య మీదే బెంగ.

డ్రాప్ బాక్సు విషయం ఇంకొకటి చెప్పాలి. 2009 విద్యాహక్కు చట్టం అయిదో సెక్షన్ చాలా స్పష్టంగా ఉంది. టీసీ ఆలస్యమైందన్న కారణంతో ఏ పిల్లనీ చేర్చుకోకుండా ఉండకూడదు, చేర్చుకోవడం ఆలస్యం చెయ్యకూడదు. టీసీ ఇవ్వకుండా ఫీజు బాకీ వసూలు చేసే ప్రైవేటు బడుల ఆటకట్టించడానికి పనికొచ్చే మాట అది. ఇప్పుడు వాళ్ళు టీసీ ఆపక్కర్లేదు, పిల్ల పేరు వాళ్ళ లాగిన్‌లో నుంచి వదలకపోతే చాలు. పోయినేడు ఒక ఆటోడ్రైవరు తన కొడుకుని ప్రైవేటు నుంచి మా బడికి మార్చాడు. బాకీ తొమ్మిది వేలు. పిల్లాడు జూన్ నుంచి నా క్లాసులో కూర్చున్నాడు, కంప్యూటర్లో మాత్రం సెప్టెంబరు దాకా పాత బడి పిల్లాడే. అన్నాళ్ళూ కొత్త పుస్తకాల లెక్కలో వాడు లేడు. సాఫ్ట్‌వేరు తయారు చేసినవాళ్ళు చట్టం చదివి ఉంటే ఒక పదిరోజుల గడువు పెట్టి, ఆ తర్వాత పేరు దానంతటదే వదిలేలా చేసేవాళ్ళు. ఇది పెద్ద సాంకేతిక సమస్య అనుకోను.

మా స్టాఫ్ రూము బీరువాలో పాత అడ్మిషన్ రిజిస్టర్లు ఉన్నాయి, పొడుగువి, ఎర్ర గుడ్డ అట్టలవి. సిరా చెదిరిన చోట పిల్లల పేర్లు, తండ్రి వృత్తి, ఇంకో గడిలో పుట్టుమచ్చలు. కుడి మోచేతి మీద ఒకటి, మెడకి ఎడమవైపు ఒకటి. నా పదో తరగతి సర్టిఫికెట్లోనూ ఉన్నాయవి. మచ్చ చూసి పిల్లని పోల్చేవాళ్ళు ఆ రోజుల్లో. తమాషాకి చెబుతున్నా గానీ, ప్రభుత్వం మన ఒంటి మీద గుర్తులు రాసుకోవడం వేలిముద్రల మిషన్లతో మొదలవలేదు. కాకపోతే ఆ రిజిస్టరు బీరువా దాటి వెళ్ళేది కాదు.

ఇప్పుడు పేరే పుట్టుమచ్చ. బడి రికార్డులో పేరు, ఆధార్‌లో పేరు అక్షరం తేడా లేకుండా కలవాలి. మన పేర్లు తెలుగులో రాస్తే ఏ గొడవా లేదు, ఇంగ్లీషులోకి వెళ్ళేసరికి శ్రీలక్ష్మిలో శ్రీకి ఒక ఐ పెట్టినవాళ్ళు ఒకళ్ళు, రెండు ఈలు పెట్టినవాళ్ళు ఒకళ్ళు. లక్ష్మికి ఎక్స్ పెట్టారా, కె ఎస్ హెచ్ పెట్టారా? ఇంటిపేరు ముందా వెనకా? పొడి అక్షరమా పూర్తిగానా? ఒక అమ్మ తన కూలి రోజు పోగొట్టుకుని ఆధార్ సెంటరుకి వెళ్ళి, వరుసలో నిలబడి, ఒక అక్షరం మార్పించుకొస్తుంది. పదో తరగతి నామినల్ రోల్స్, అంటే పరీక్ష రాసే పిల్లల పేర్ల జాబితాలు పంపే రోజుల్లో మా ఆఫీసు గదిలో వినిపించేవన్నీ అక్షరాలే.

అపార్‌కి తల్లిదండ్రుల అంగీకార పత్రం కావాలి. ఇష్టమున్నవాళ్ళే ఇవ్వొచ్చు, ఇచ్చినదాన్ని వెనక్కి తీసుకోవచ్చు అని కేంద్రమే చెప్పింది. 2024 డిసెంబరు 9, 10 తేదీల్లో మెగా అపార్ దివస్ కూడా జరిపారు. ఇష్టానికి వదిలిన పనికి రోజువారీ శాతాలు ఎందుకు అడుగుతారో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. ఆ వారంలో ఒక తల్లి వచ్చింది. మిర్చి యార్డులో తొడాలు తీసే పనికి వెళుతుంది. ప్లాస్టిక్ కవర్లో చుట్టిన కార్డులు బల్ల మీద పరిచింది.

"ఏలిముద్ర యాడెయ్యాలండీ?"

"ఇక్కడమ్మా. ఇది నీ ఇష్టమే. వద్దంటే వెయ్యక్కర్లేదు."

"ఎయ్యకపోతే డబ్బులు పడవా?"

"పడతాయి. దానికీ దీనికీ సంబంధం లేదు."

"మరి ఇదెందుకండీ?"

నేను డిజిలాకర్ గురించి, క్రెడిట్ల గురించి రెండు నిమిషాలు చెప్పాను. ఓపిగ్గా విన్నది. "మీరడిగారు గదా, ఏస్తాలే" అని వేసింది. చట్టం దాన్ని అంగీకారం అంటుంది. 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల విషయంలో తల్లిదండ్రుల సమ్మతి ఉండాలి. ఆధార్ మీద 2018 తీర్పులో సుప్రీంకోర్టు బడిలో చేరడానికి అది తప్పనిసరి కాదంది. ఆ తల్లి నా మీద గౌరవంతో వేసిన వేలిముద్ర ఇందులో ఏ లెక్కలోకి వస్తుందో నాకు చెప్పండి.

డబ్బులు పడవా అని ఆవిడ అడిగిన ప్రశ్న మాత్రం న్యాయమైనదే. మన రాష్ట్రంలో చదువు లెక్కకీ డబ్బు లెక్కకీ ముడిపడి చాలాకాలమైంది. 2020 జనవరిలో అమ్మఒడి వచ్చింది, ఏడాదికి 15,000 తల్లి ఖాతాలోకి. దానికి 75 శాతం హాజరు షరతు పెట్టారు. దాని వెనకాల ఆరంచెల వడపోత: భూమి ఎంత, కారు ఉందా, ఆదాయపు పన్ను కడుతున్నారా, కరెంటు నెలకి 300 యూనిట్లు దాటిందా, ఇలా. అద్దె ఇళ్ళవాళ్ళకి ఇంటివాళ్ళ మీటరు తగులుకుని ఆగిపోయిన డబ్బుల గురించి సచివాలయాల్లో జరిగిన యుద్ధాలు నేను చెప్పక్కర్లేదు. ఇప్పుడు అలాంటిదే తల్లికి వందనం. డబ్బు ఇవ్వడం తప్పనను. ఆ పదిహేను వేలతో ఆడపిల్ల చదువు ఆగకుండా నిలబడ్డ ఇళ్ళు నాకు తెలుసు. కానీ పిల్ల పేరు పక్కన కరెంటు మీటరు వచ్చి చేరిందంటే ఇక అది చదువు రికార్డు కాదు. తల్లిదండ్రులకి ఆ సంగతి మనకంటే బాగా తెలుసు. అందుకే ఏం అడిగినా "డబ్బులకేనా?" అంటారు, హాజరు తక్కువ వేస్తే బతిమాలుకుంటారు, మేం వేసేస్తాం. డబ్బు కోసం పెట్టిన హాజరుతో పిల్ల బడికి వస్తోందో లేదో తెలుసుకోవాలనుకోవడం అత్యాశ.

ఇంత సరంజామా ఉండి, పదో తరగతి దాటగానే పిల్లలు మాయమవుతారు. బడి ఒక శాఖ, ఇంటర్మీడియట్ ఒక బోర్డు, పాలిటెక్నిక్ ఇంకో బోర్డు, ఐటీఐ ఇంకెవరిదో, డిగ్రీ యూనివర్సిటీలది. ఎవరి పోర్టల్ వాళ్ళది. నా దగ్గర పాసైన పిల్ల ఇంటర్ పూర్తి చేసిందా, పెళ్ళయిపోయిందా అని మా బడికి ఎవరూ చెప్పరు. ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా ఒక్క కాగితం వెనక్కి రాలేదు. మేం పైకి పంపడమే.

ప్రైవేటు కాలేజీల పీఆర్వోలకి మాత్రం అన్నీ తెలుసు. పదో తరగతి పరీక్షలు ఇంకా మూడు నెలలున్నాయనగా తల్లిదండ్రులకి ఫోన్లు. పిల్లాడి పేరు, బడి పేరు, తండ్రి నంబరు, ఒక్కోసారి హాఫ్ ఇయర్లీ మార్కులతో సహా. మా అమ్మాయి పదో తరగతప్పుడు మా ఇంటికే రోజుకి మూడు కాల్స్. నంబరు ఎక్కడిదని అడిగితే "డేటా ఉంది మేడం" అని నవ్వాడు ఒకబ్బాయి, ఇరవై మూడేళ్ళుంటాయేమో. నాలాంటి టీచరుకి దొరకని సమాచారం అతని చేతిలో ఎక్సెల్ షీటుగా ఉంది.

కాబట్టి మూడేళ్ళుగా నా పద్ధతి నేను పెట్టుకున్నాను. ఒక లాంగ్ నోట్‌బుక్. మా పదో తరగతి సెక్షన్లో పాసైన వాళ్ళందరి పేర్లు, జూలైలో ఒక టిక్కు, మరుసటి ఏప్రిల్లో ఇంకో టిక్కు. రాత్రి తొమ్మిది దాటాక ఫోన్ చేస్తాను, అప్పటికి కూలికెళ్ళినవాళ్ళు ఇంట్లో ఉంటారు. మొదటి బ్యాచ్ 38 మంది. జూలైలో 34 మంది ఎక్కడో ఒకచోట చేరారు. ఏప్రిల్‌కి 29. ఆ తొమ్మిది మందిలో ఇద్దరు లెక్కల్లో నాకు మొదటి వరుస పిల్లలు. ఒకడు అరండల్‌పేటలో సెల్‌ఫోన్ల షాపులో స్క్రీన్‌గార్డులు అంటిస్తున్నాడు. ఇంకో పిల్ల ఇంట్లో ఉంది, కాలేజీకి బస్సు లేదట. అది ఫోన్లో విన్న మూడో రోజు వాళ్ళింటికి వెళ్ళాను. నిజంగా బస్సు లేదు, పొద్దున ఏడింటిది తీసేశారు. హాజరు, ఆధార్, అపార్ అన్నీ సరిగ్గా ఉన్న పిల్ల చదువు ఒక బస్సు దగ్గర ఆగింది. ఇది తెలియడానికి నాకు అయిన ఖర్చు ఒక ఫోన్ కాలు, ఒక ఆదివారం.

అమెరికాలో రాష్ట్రాలు పిల్లల్ని బడి నుంచి ఉద్యోగం దాకా లెక్కలో ఉంచే వ్యవస్థలకి అక్కడి కేంద్ర ప్రభుత్వం 2005లో గ్రాంట్లు ఇవ్వడం మొదలుపెట్టింది. అక్కడ కెంటకీ రాష్ట్రం చేసే ఒక పని నాకు నచ్చింది. ప్రతి హైస్కూలు గురించీ ఒక నివేదిక ఇస్తుంది: మీ దగ్గర చదివి బయటికి వెళ్ళినవాళ్ళలో కాలేజీలో ఎంతమంది చేరారు, అక్కడ ఎలా ఉన్నారు అని. లెక్క వెనక్కి వస్తుందన్నమాట. ఆ నివేదికలో పిల్లల పేర్లు ఉండవు, కరెంటు మీటర్లు అసలే ఉండవు. ఇంగ్లండులో ఉల్టా జరిగింది. 2016లో బడి లెక్కల్లో పిల్లల జాతీయత, పుట్టిన దేశం గడులు కొత్తగా చేర్చారు. వలసదారుల్ని ఏరే హోం శాఖకి అవి వెళతాయన్న భయంతో తల్లిదండ్రులు, టీచర్లు గొడవ చేశారు, చాలామంది ఆ గడులు ఖాళీగా వదిలేశారు. 2018లో వాటిని తీసెయ్యక తప్పలేదు. ఒక గడి చేర్చడం ఎంత తేలికో, అది ఎవరి చేతికి వెళుతుందో చూసుకోవడం అంత కష్టం.

మా యూనియన్ మీటింగుల్లో నేను ఈ మాటలంటే కొందరు "అయితే డేటా వద్దంటారా?" అని అడుగుతారు. వద్దనను. ఆ కోసిగి పిల్లకి మూణ్ణెల్లు ఇక్కడి బళ్ళో కూర్చునే గడి ఒకటి కావాలంటాను, ఊళ్ళో పేరు పోకుండా, అక్కడి సారు పోస్టు పోకుండా. గుడ్డు ఆ గడిని బట్టి రావాలి. అప్పుడు ఏ మండలం నుంచి ఎంతమంది, ఏ నెలలో, ఎక్కడికి వచ్చారో దానంతటదే తేలుతుంది. ఈ ఒక్క గడి పెడితే, మేం నింపే మిగతా గడుల్లో సగం తీసేసినా నాకేం బాధ లేదు.

మొన్న జనవరి చివర్లో మళ్ళీ లారీలు వచ్చాయి. కోసిగి సారుకి ఫోన్ చేశాను. ఆ పిల్ల ఎనిమిదిలోకి వచ్చిందట. "వచ్చినారా మేడం మీ వైపు? ఈసారి ఏ ఊరో చెప్పలేదు వాళ్ళ నాయన" అన్నాడు. బస్సులో వెళుతూ రోజూ ఎడమవైపు సీటు చూసుకుంటున్నాను, గుడిసెలు అటువైపే ఎక్కువ. లాంగ్ నోట్‌బుక్ చివరి పేజీలో ఆ పిల్ల పేరు కూడా రాశాను, టిక్కు లేకుండా.